యాక్షన్ అంటే ఏ యాక్షన్?

పత్రికాఫీసులో డెస్కు మీద కూర్చున్నవాడికి రోజుకు పదిసార్లయినా తగిలే ఇంగ్లీషు మాట ‘యాక్షన్’. ఏజెన్సీ వార్తలో అది కనబడగానే చెయ్యి దానంతటదే ‘చర్య’ అని రాసేస్తుంది. కఠిన చర్య, తక్షణ చర్య, క్రమశిక్షణ చర్య, చట్టపరమైన చర్య. ఉర్దూ డెస్కులో ఉన్న రోజుల్లో అదే మాటకు ‘కార్రవాయీ’ అని రాసేవాణ్ణి. కాస్త పెద్ద విషయమైతే ‘ఇఖ్దామ్’. సినిమా పేజీకి తర్జుమా అక్కరలేదు. అక్కడ యాక్షన్ యాక్షనే. స్టార్ట్ కెమెరా, యాక్షన్. యాక్షన్ హీరో, యాక్షన్ సీను. ఇక వీధిలోకి వస్తే దాని రంగే వేరు. జ్వరం లేకుండానే బడి ఎగ్గొట్టిన పిల్లవాణ్ణి తల్లి, ‘ఏం యాక్షన్ చేస్తున్నావురా’ అంటుంది. అతి చేసేవాడిది ‘ఓవరాక్షన్’. ఒక్క ఇంగ్లీషు మాటను ఇన్ని విధాల వాడుకుని, అరిగించుకుని, మన సొంతం చేసుకున్నాం.

అయితే మా ఇంట్లో ఆ మాటకు ఇన్ని అర్థాలు లేవు. ఒక్కటే అర్థం. మా దాదీ నోట అది ‘ఆక్షన్’. ఆమె చదువుకోలేదు. ఇంగ్లీషు అక్షరం ఎరగదు. అయినా ఆ మాట ఆమెకు తెలుసు. ఆమె కాలాన్ని లెక్కబెట్టుకున్నది ఆ మాటతోనే. ‘ఆక్షన్‌కు ముందు మా పుట్టింటికి రెండు ఎడ్లుండేవి’. ‘ఆక్షన్ అయిన రెండేళ్ళకు నా నిఖా అయింది’. క్రీస్తు శకం, హిజ్రీ శకం, నిజాము నాటి ఫస్లీ, ఇవేవీ ఆమెకు పట్టలేదు. ఆమెది ఆక్షన్ శకం. తన అన్న గురించి అడిగితే ‘ఆక్షన్ మే చలే గయే’ అనేది. యాక్షన్‌లో పోయారు. ఎక్కడికి పోయారని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. ఆమె వక్కాకు నమలడం ఆపి గోడవంక చూసేది. పెద్దయ్యాక అడగడం మానేశాను.

తెలంగాణ పల్లెల్లో ఈ లెక్క మా ముస్లింల ఒక్కరిదే కాదు. ‘పోలీసాక్షన్ నాటికి నేను పాలు తాగే పిల్లను’ అని చెప్పే హిందూ ముసలమ్మలూ ఉండేవారు. అందరికీ అది కాలాన్ని రెండుగా చీల్చిన గీతే. కాని ఆ గీతకు ఇవతలా అవతలా ఏముందన్నది మాత్రం చెప్పే మనిషిని బట్టి మారిపోతుంది. అందుకే ఈ మాట చరిత్రను కాస్త తవ్వి చూడాలనుకున్నాను.

* * *

ముందుగా ‘పోలీసు’ అన్న మాట సంగతి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది పోలీసులు కారు. సైన్యం. దక్షిణ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ ఆధ్వర్యంలో, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన ఒకటో సాయుధ డివిజను షోలాపూరు వైపునుంచి కదిలింది. మరో దళం బెజవాడ వైపునుంచి. టాంకులు వచ్చాయి, విమానాలు బాంబులు వేశాయి. సైనికులు దానికి పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పోలో’. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. 17న నిజాం లొంగిపోయాడు. 18న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు. టాంకుతో వచ్చినవాణ్ణి పోలీసు అనడమెందుకు?

ఎందుకంటే యుద్ధం అంటే రెండు దేశాల మధ్య వ్యవహారం. పోలీసు అంటే ఇంటి వ్యవహారం. హైదరాబాదు ప్రభుత్వం అప్పటికే, 1948 ఆగస్టు 21న, ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసి ఉంది. సైన్యం లోపలికి వచ్చిన నాలుగో రోజు, సెప్టెంబరు 16న, పారిస్‌లో మండలి దాన్ని చేపట్టింది. అలాంటప్పుడు యుద్ధం అన్న మాట వాడితే హైదరాబాదును వేరే దేశమని ఒప్పుకున్నట్టవుతుంది. శాంతిభద్రతలు కాపాడటానికి పోలీసులు వెళ్ళారంటే ప్రపంచం అడగవలసిందేమీ ఉండదు. ప్రజలు అడగవలసిందీ ఉండదు. దొంగను పట్టడానికి పోలీసు వస్తే ఊరంతా సంతోషించాలి గదా.

ఈ మాటను ఆ కాలాన మరికొందరూ వాడారు. డచ్చివాళ్ళు ఇండొనేషియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి 1947 జులైలో ఒకసారి, 1948 డిసెంబరులో రెండోసారి సైన్యాన్ని దించారు. రెండుసార్లూ దానికి పెట్టిన పేరు పోలీసు యాక్షనే. వాళ్ళ వాదనా ఇదే. ఇండొనేషియా మా ఇంటి వ్యవహారం అని. ఆ రెండో యాక్షన్‌ను ఖండించడానికి 1949 జనవరిలో ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం పెట్టినది ఎవరు? మన జవహర్‌లాల్ నెహ్రూ. హైదరాబాదు యాక్షన్‌కు అప్పటికి నాలుగు నెలలే అయింది. 1950 జూన్ 29న కొరియా గురించి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను విలేకరులు అడిగారు, దీన్ని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని పోలీసు యాక్షన్ అనవచ్చా అని. సరిగ్గా అదేనన్నాడు. ఆ పోలీసు యాక్షన్ మూడేళ్ళు సాగింది. ముప్పై వేలకు పైగా అమెరికా సైనికులే చచ్చిపోయారు. చచ్చిన కొరియన్ల లెక్క లక్షల్లో ఉంది.

మూడింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఇండొనేషియాలో డచ్చివాడు పరాయివాడు. హైదరాబాదులో భారత సైన్యాన్ని పరాయిదనుకోని జనం లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. నేను చెప్పేది మాట గురించి. యుద్ధానికి నియమాలున్నాయి, ఖైదీలకు హక్కులున్నాయి, చచ్చినవాళ్ళకు లెక్కుంటుంది. పోలీసు యాక్షన్‌కు అవేవీ అక్కరలేదు. మూడు చోట్లా ఆ మాట చేసిన పని అదే.

* * *

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. యాక్షన్‌కు ముందు ఏం జరిగింది?

యాక్షన్ అన్న మాటకు మా వైపునుంచి ఒక చెడ్డ చరిత్ర ఉంది. ‘డైరెక్ట్ యాక్షన్’. ఉర్దూలో ‘రాస్త్ ఇఖ్దామ్’. ముస్లిం లీగు 1946 ఆగస్టు 16ను డైరెక్ట్ యాక్షన్ దినమన్నది. ఆ రోజు మొదలైన కలకత్తా మారణకాండలో వేల ప్రాణాలు పోయాయి. ఆ యాక్షన్‌లో చచ్చినవాళ్ళలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. పిలుపునిచ్చిన నాయకులు మాత్రం లేరు.

మన సంస్థానంలో మజ్లిస్ నాయకత్వం ‘అనల్ మలిక్’ అని ఒక నినాదం నేర్పింది. నేనే రాజును అని. ప్రతి ముస్లిమూ పాలకుడే అట! కుట్టుమిషను తొక్కేవాడూ, దూది ఏకేవాడూ, గాజులమ్మేవాడూ, జట్కా తోలేవాడూ రాజులేనట. వాళ్ళకు రాజ్యంలో దక్కింది ఆ నినాదమే. జాగీర్లూ కొలువులూ దక్కినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ నినాదం మీదనే లాతూరు వకీలు ఖాసిం రజ్వీ రజాకార్లను పెంచాడు. దొరల గడీలకు కాపలాగా, రైతుల మీదికి దాడిగా వాళ్ళు ఏం చేశారో తెలంగాణ పల్లె మరచిపోలేదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చిన సంగతిని కాదనేవాడు మనిషి కాడు.

అదే ఆగస్టులో, హైదరాబాదు నడివీధిలో, ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపారు. భారత యూనియన్‌లో కలవాలని రాసిన చేతిని నరికారు. ఉర్దూలో నాలుగక్షరాలు రాసి బతికే నాలాంటివాళ్ళకు ఆయన తాత వరస. అంతకుముందే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖుతో భూమికోసం తలపడి ప్రాణమిచ్చాడు. ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ఆధారం. మఖ్దూం మొహియుద్దీన్ నిజాముకు ఎదురునిలిచిన కమ్యూనిస్టు. కనుక ముస్లిం అంటే రజాకారు అనే లెక్క యాక్షన్‌కు ముందూ తప్పే, తర్వాతా తప్పే. కాని యాక్షన్ నడిచింది ఆ తప్పుడు లెక్క మీదనే.

* * *

అయిదు రోజుల యాక్షన్ సైన్యానిది. తర్వాత వారాల తరబడి జరిగిన యాక్షన్ ఎవరిది? దానికి పేరు లేదు. పాఠ్యపుస్తకంలో సెప్టెంబరు 17 దగ్గర అధ్యాయం ముగుస్తుంది. మా దాదీ అన్న పోయింది ఆ తర్వాతనే.

వాళ్ళ ఊరు అప్పటి బీదరు జిల్లాలోనిది. ఆయనకు పద్దెనిమిదేళ్ళుంటాయి. సంతల్లో గాజులు అమ్ముకునేవాడు. రజాకారు కాడు. ఖాకీ బట్టలు కొనే స్తోమత కూడా లేదని దాదీ అనేది. ఊళ్ళో ఇళ్ళు తగలబెడుతున్నారని తెలిసి ఆడవాళ్ళనూ పిల్లలనూ మాదిగ గూడెంలో దాచారు. ఆ ఇంటామె తన పుస్తెల్లాంటి దండ తీసి పన్నెండేళ్ళ దాదీ మెడలో వేసి, నుదుట కుంకుమ పెట్టి, ఎవరడిగినా తన చెల్లెలి బిడ్డవని చెప్పమన్నదట. మూడు రాత్రులు అక్కడే ఉన్నారు. ఇంటి సంగతి చూసొస్తానని రెండో రోజు అన్న బయటికి వెళ్ళాడు. అంతే. శవం దొరకలేదు. ఊరి బావి నీళ్ళు ఆ ఏడాది ఎవరూ తాగలేదని మాత్రం ఆమె ఒకసారి అన్నది.

ఇది ఒక ముసలమ్మ మాట. చరిత్రకు ముసలమ్మ మాట చాలదంటారు. సరే, కాగితం చూద్దాం. వార్తలు ఢిల్లీకి చేరాక నెహ్రూ ముగ్గురిని పంపించారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబరు 29నుంచి డిసెంబరు 21 దాకా వాళ్ళు సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. అనేక పట్టణాలూ పల్లెలూ చూశారు. తాము పోలేకపోయిన 109 గ్రామాల జనాన్ని అయిదు వందల మందికి పైగా పిలిచి మాట్లాడారు. ఆ తర్వాత రాసిన నివేదికలో, బాగా తగ్గించి వేసిన లెక్క ప్రకారమే, పోలీసు యాక్షన్‌లోనూ ఆ తర్వాతనూ 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారని చెప్పారు. అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఆ నాలుగు జిల్లాల్లోనే దాదాపు 18 వేల మంది.

దోపిడీలూ, స్త్రీల అపహరణలూ, బావులు నిండిన శవాలూ ఆ నివేదికలో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ అందులో పాలుపంచుకున్నారన్న ఆరోపణలూ ఉన్నాయి. ఎంతోచోట సైన్యం ప్రాణాలు కాపాడిందన్న మాటా ఉంది. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని మన హిందూ మిత్రులూ మనమూ కలిసి చదవాలి. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళ మధ్య స్నేహం చెడలేదనీ, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి తామే చచ్చిపోయారనీ, ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను వెనక్కి తేవడంలో ఎందరో హిందువులు సాయపడ్డారనీ ఆ ముగ్గురూ రాశారు. దాదీ మెడలోని దండ కాగితం మీదికి ఎక్కలేదు గాని, ఆ దండవంటివి కొన్ని ఎక్కాయి.

ఆ కాగితాన్ని ప్రభుత్వం అచ్చువేయలేదు. సర్దార్ పటేలు దాన్ని మెచ్చలేదు. 1950లో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ అనే పండితుడు ఒక విదేశీ పత్రికలో ఈ విషాదం మీద వ్యాసం రాశాడు. 1988లో ఒమర్ ఖాలిదీ అమెరికా నుంచి ఒక సంకలనం తెచ్చాడు. 2013లో ఎ.జి. నూరానీ తన పుస్తకంలో నివేదికను అచ్చువేశాడు. అంటే సామాన్య పాఠకుడు ఆ కాగితాన్ని పుస్తకంలో తెరచి చదవడానికి ఇంచుమించు అరవై అయిదేళ్ళు పట్టింది. అదీ ఇంగ్లీషులో. యాక్షన్ అన్న మాట తెలుగు పల్లె దాకా వచ్చింది. ఆ యాక్షన్ లెక్క మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

‘అది మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో జరిగింది, తెలుగు నేలమీద అంతగా జరగలేదు’ అని కొందరంటారు. ఇందులో కొంత నిజముంది. రైతు పోరాటం బలంగా ఉన్న తెలంగాణ పల్లెల్లో దొరకూ రైతుకూ మధ్య గీత పడిందేగాని, హిందువుకూ ముస్లిముకూ మధ్య అంత పడలేదు. అది మనందరం గర్వపడవలసిన సంగతి. కాని ఒక్క విషయం. అప్పటి బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు 1956లో మెదకు జిల్లాలో కలిశాయి. ఇవాళ అవి తెలంగాణ. జిల్లా సరిహద్దు జరిగినంత మాత్రాన మనుషుల జ్ఞాపకాలు పక్క రాష్ట్రానికి పోవు.

* * *

ఒకే యాక్షన్ ఎవరికి ఏమయింది?

నిజాముకు రాజప్రముఖ్ పదవి అయింది. 1950 జనవరి 26నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆయనే ఆ పదవిలో ఉన్నాడు. ఖాసిం రజ్వీ జైలుకెళ్ళాడు. 1957లో విడుదలై పాకిస్తాను వెళ్ళిపోయాడు. గడీ వదలిపెట్టి పట్నం పారిపోయిన దేశ్‌ముఖులు సైన్యం వెంట గాంధీ టోపీ పెట్టుకుని తిరిగొచ్చారు. భూమి పంచుకున్న రైతుకు యాక్షన్ 17తో ఆగలేదు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా మూడేళ్ళు సాగింది. నాలుగు వేల మంది దాకా కమ్యూనిస్టులూ రైతు యోధులూ ప్రాణాలిచ్చారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

సామాన్య ముస్లిముకు ఏమయింది? నిజాము సైన్యం రద్దయింది. సిపాయి కొలువు పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు పోవలసినవాడే. కాని అతని దేవిడీలో వంటవాడూ, గుమాస్తా, తోటమాలీ, సాయీసూ పోవలసినవాళ్ళా? ఉర్దూ రాజభాషగా ఉన్నన్నాళ్ళూ ఆ చదువుతో బతికిన గుమాస్తాకు, అహల్కారుకు, పంతులుకు ఒక్కసారిగా ఆ చదువు చెల్లని నాణెమైంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఉర్దూ మాధ్యమంలో వైద్యమూ ఇంజనీరింగూ చదివించవచ్చునని చేసి చూపిన భాష, ఒక్క తరంలో ముషాయిరాలకూ గోడమీది ప్రకటనలకూ మిగిలింది. నేనే రాజునన్న నినాదం విని మురిసినవాడి మనుమడు చార్మినారు దగ్గర రిక్షా తొక్కాడు. రాజ్యం చేసింది ఎవరో, శిక్ష పడింది ఎవరికో చూడండి.

అందుకే ఆ రోజుకు ఇవాళ్టిదాకా ఒక పేరు కుదరలేదు. కొందరికి విమోచన, కొందరికి విలీనం, మరికొందరికి విద్రోహం. ఉర్దూలో ‘సుకూతె హైదరాబాద్’. హైదరాబాదు పతనం అని. తెలంగాణ రాష్ట్రం వచ్చాకా ఈ తగవు తీరలేదు. 2022లో కేంద్రం విమోచన దినమన్నది. రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమన్నది. ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవమయింది. ప్రతి సెప్టెంబరులో జెండా ఎగరవేసే మైదానాలు రెండవుతాయి. మా వీధిలో మాత్రం ఆ రోజు దుకాణాలు కాస్త తొందరగా మూసేస్తారు. ఎవరూ మూయమని చెప్పరు. అలవాటు.

* * *

తర్వాతి కాలంలో ఈ మాట ఇంకా ఎన్ని వేషాలు వేసిందో చూడండి. 1969లో తెలంగాణ విద్యార్థులు పెట్టుకున్నది యాక్షన్ కమిటీ. 2009 డిసెంబరులో మళ్ళీ వచ్చింది జాయింట్ యాక్షన్ కమిటీ. ‘జాక్’ అన్న ముద్దుపేరుతో అది పల్లెపల్లెకూ పాకింది. అదే మాట, పోలీసు చేతిలోంచి జనం చేతిలోకి వచ్చింది. ఆ కమిటీల్లో ముస్లిం యువకులూ కూర్చున్నారు, దెబ్బలు తిన్నారు. నక్సలైట్ల నోట యాక్షన్ అంటే వర్గశత్రువు మీద దాడి. చంపడానికి వచ్చేది యాక్షన్ టీము. కోర్టులో దావాకు ‘కాజ్ ఆఫ్ యాక్షన్’ కావాలి. అది లేకపోతే జడ్జి కాగితం తిరగ్గొడతాడు.

మా ముస్లింల జీవితంతో బాగా ముడిపడినవి మరి రెండున్నాయి. ఒకటి ‘యాక్షన్ టేకెన్ రిపోర్టు’. విచారణ కమిషన్ నివేదికను సభలో పెట్టేటప్పుడు, దానిమీద ఏం చేశామో చెబుతూ ప్రభుత్వం ఆరు నెలల్లో పెట్టవలసిన కాగితం ఇది. 1992-93 బొంబాయి మతకల్లోలాల మీద జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ నివేదికను 1998లో సభ ముందు పెట్టినప్పుడు, ఆ కాగితం నివేదిక ముఖ్య నిర్ధారణలను తోసిపుచ్చడానికే పనికొచ్చింది. యాక్షన్ తీసుకోము అని చెప్పేదానికీ పేరు యాక్షన్ టేకెన్ రిపోర్టే. సుందర్‌లాల్ నివేదికకైతే ఆ మాత్రం కాగితమూ లేదు.

రెండోది ‘అఫర్మేటివ్ యాక్షన్’. 1961లో అమెరికాలో కెనెడీ ఉత్తర్వుతో ప్రభుత్వ భాషలో ప్రచారమైన మాట. వెనకపడ్డవాణ్ణి ముందుకు తేవడానికి పూనుకుని చేసే పని అని అర్థం. 2006లో జస్టిస్ సచార్ కమిటీ ముస్లింల చదువూ, కొలువూ, అప్పూ, ఇల్లూ లెక్కగట్టి దేశం ముందుపెట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ పేరున నాలుగు శాతం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దూదేకినవాడి బిడ్డ మెడికల్ సీటు తెచ్చుకున్నాడంటే ఆ మాట చలవే. డెబ్భయ్యేళ్ళ కిందట ఒక యాక్షన్ కింద పడ్డవాడు, ఇంకొక యాక్షన్ పట్టుకుని లేస్తున్నాడు. అది కూడా పడనివాళ్ళు ‘బుజ్జగింపు’ అంటారు. మేము నోరు విప్పి మాట్లాడితే ‘ఓవరాక్షన్’ అంటారు.

నాకు ఆ మాట ఒకసారి నేరుగానే తగిలింది. నేను పనిచేసిన ఒక పత్రికలో సెప్టెంబరు 17 ప్రత్యేక పేజీకి వ్యాసం రాయమన్నారు. రాశాను. బైరాన్‌పల్లి రాశాను, షోయబుల్లా ఖాన్ గురించి రాశాను. చివర సుందర్‌లాల్ నివేదిక గురించి ఒక పేరా రాశాను. మర్నాడు పత్రిక చూస్తే ఆ పేరా ఒక్కటే లేదు. అడిగితే పైనున్న పెద్దమనిషి నవ్వుతూ, ‘పండగపూట అదెందుకు భాయ్, అందరూ బాధపడతారు’ అన్నాడు. అందరూ అంటే ఎవరు? ఆ అందరిలో మా దాదీ లేదన్నమాట. ఆయన చెడ్డవాడు కాడు. నన్ను కొలువులోకి తీసుకున్నది ఆయనే. ఈద్‌కు మా ఇంట్లో సేవయ్యాలు తిన్నాడు. అందుకే ఎక్కువ బాధ కలిగింది. చెడ్డవాడైతే కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ణి.

* * *

యాక్షన్‌కు మా ఇళ్ళల్లో ఇంకొక మాట ఉంది. ‘అమల్’. చేసే పని. సహీహ్ బుఖారీ గ్రంథంలో మొట్టమొదటి హదీసు నియ్యత్ గురించినది. పనికి విలువ దాని వెనకనున్న ఉద్దేశాన్ని బట్టి ఉంటుందని చిన్నప్పుడు మౌల్వీ సాబు మాకు నేర్పాడు. ప్రభుత్వాలు ఎప్పుడూ తమ యాక్షన్‌ను నియ్యత్‌తోనే తూచమంటాయి. మా ఉద్దేశం మంచిది, జనానికి విముక్తి ఇవ్వడానికి వెళ్ళాం అంటాయి. ఆ నియ్యత్‌ను నేను శంకించడం లేదు. నిజాము పోవలసినవాడే. సంస్థానం దేశంలో కలవవలసిందే. నేను పుట్టింది ఆ దేశంలో, బతుకుతున్నది ఆ దేశంలో. కాని అల్లా ముందు నియ్యత్ చాలుతుందేమోగాని చరిత్ర ముందు చాలదు. చరిత్ర అమల్‌ను అడుగుతుంది. ఏం జరిగింది, ఎంతమందికి జరిగింది, ఎవరు లెక్కపెట్టారు అని అడుగుతుంది.

ఇందాక డచ్చివాళ్ళ సంగతి చెప్పాను. వాళ్ళు తమ పోలీసు యాక్షన్ల మీద పండితులచేత ఏళ్ళ తరబడి పరిశోధన చేయించారు. తమ సైన్యం విచ్చలవిడి హింసకు పాల్పడిందని ఆ పరిశోధన తేల్చింది. 2022 ఫిబ్రవరిలో ఆ దేశ ప్రధాని మార్క్ రుట్టె ఇండొనేషియా ప్రజలకు క్షమాపణ చెప్పాడు. ఆకాశం విరిగిపడలేదు. ఆ దేశం పరువు పోలేదు.

మేము క్షమాపణ అడగడం లేదు. పరిహారమూ అడగడం లేదు. బైరాన్‌పల్లి బురుజు పక్కన మా బావికీ ఒక చోటు ఇమ్మంటున్నాం. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం తన ఖర్చుతో తెలుగులోకీ, ఉర్దూలోకీ తెచ్చి అచ్చువేయమంటున్నాం. పదో తరగతి పుస్తకంలో సెప్టెంబరు 17 తర్వాత ఇంకొక పేరా రాయమంటున్నాం. ఆ పేరాలో చచ్చిన ముస్లింల లెక్క ఉండాలి, వాళ్ళను కాపాడబోయి చచ్చిన హిందూ నేతగాళ్ళ సంగతీ ఉండాలి. ఒకటి లేకుండా ఇంకొకటి రాస్తే అది సగం అబద్ధం. మా వాళ్ళకూ ఒక మాట. రజాకార్ల పేరెత్తితే మొహం చాటేయడం మనం మానాలి. మన ఇంటి చెత్త మనం ఊడవకుండా ఎదుటివాడి వాకిలి చూపించలేం.

2006లో దాదీ పోయింది. ఆ యాక్షన్ చూసిన కళ్ళు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా మిగలలేదు. ఆ మూడు రాత్రులు దాచిన ఇంటిని వెతుక్కుంటూ ఆ మధ్య వాళ్ళ ఊరు వెళ్ళాను. గూడెంలో ఇళ్ళన్నీ మారిపోయాయి. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫలానా వాళ్ళ మనుమణ్ణి, గాజులమ్మే వాళ్ళ ఇంటివాణ్ణి అని చెప్పాను. కాసేపు నా మొహం చూశాడు. ‘యాక్షన్‌ల పోయిన పిలగాని ఇంటోళ్ళా?’ అన్నాడు.

ఏ యాక్షన్ అని నేను అడగలేదు. ఏ యాక్షనో ఆయన చెప్పనూ లేదు. పక్కకు జరిగి కూర్చోమన్నాడు.